ఆరోగ్యవంతురాలు

పాఠం మధ్యలో ఎవరైనా నిద్రపోతే పానకాలు మాస్టారు వాళ్ళను లేపేవారు కాదు. పాఠమే ఆపేసేవారు. పుస్తకం మూసి, వేలు మాత్రం పేజీ మధ్యలో ఉంచుకుని, ఆ తల మళ్ళీ పైకి లేచేదాకా అలా కూర్చునేవారు. ఒక్కోసారి పావుగంట పట్టేది. ఆయన గుంటూరులో ముప్ఫయ్యేళ్ళు వైద్యం చేసి మానేసిన మనిషి. నర్సులూ కాంపౌండర్లూ కావాలని ఆశపడే మాబోటి ఏడెనిమిదిమందికి, మధ్యాహ్నం భోజనాలయ్యాక తన ఇంటి వసారాలో శరీరం గురించి చెప్పేవారు. ఆ వీధి వెనకంతా మిర్చి కొట్లు. గాలిలో ఎప్పుడూ సన్నటి ఘాటు ఉండేది. ఆ ఘాటుకు కళ్ళు చెమర్చినప్పుడల్లా, ఎవరో నాకు తెలియని మనిషి కోసం ఏడుస్తున్నట్టు ఉండేది నాకు.

ఆ రోజు పాఠం నిద్ర గురించే. పుస్తకం తెరిచారో లేదో, మీరాబీ గోడకు తల ఆనించి నిద్రపోయింది. వాళ్ళమ్మకు ఇడ్లీ బండి ఉంది. ఆ పిల్ల తెల్లవారుజామున మూడింటికే లేచి పిండి రుబ్బి వస్తుంది. మాస్టారు పుస్తకం మూశారు. ముందువరసలో కూర్చునే ఏడుకొండలు ఇక పట్టలేకపోయాడు.

"మాస్టారూ, ఒక్క మనిషి నిద్ర కోసం ఇంతమంది చదువు ఆగాలాండీ? మనసు గట్టిగా ఉంటే నిద్రెందుకొస్తుంది? నేను రెండు గ్లాసుల కాఫీ తాగి కూర్చుంటా. నన్నెప్పుడన్నా తూగంగా చూశారా?"

"కాఫీ తాగి కూర్చునేవాణ్ణి నేనూనూ," అన్నారు మాస్టారు. "మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో ఒక రసాయనం పేరుకుంటుందోయ్, పొయ్యి మండినకొద్దీ బూడిద చేరినట్టు. నిద్రపోతేనే మెదడు దాన్ని ఎత్తిపోసుకునేది. నీ కాఫీ ఆ బూడిదను తియ్యదు. నీకు కనపడకుండా అడ్డం కూర్చుంటుంది, అంతే. ఇక మనసు గట్టి చేసుకోవడమంటావా, ఆ మాట నేనూ ఒకరికి చెప్పాను."

అని, ఈ సంగతి చెప్పారు.

ఆయన కొత్తగా వైద్యం పెట్టిన రోజుల్లో, దాసమ్మ అనే ముఠామేస్త్రి ఒక కూలిమనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠా దాసమ్మది. తెచ్చిన మనిషి పేరు సామ్రాజ్యం. పాతికేళ్ళుంటాయి. చంకలో పసివాడు. పట్టపగలు, కాయ చేతిలో ఉండగానే నిద్రపోతుంది. ముఠాలో ఎవరైనా నవ్వు మాట అంటే నవ్వుతూ నవ్వుతూ కుప్పకూలిపోతుంది. తోటివాళ్ళు కళ్ళలో కారం పెట్టి చూశారు. కళ్ళు వాచాయిగానీ నిద్ర మాత్రం వదల్లేదు.

"జబ్బని ఒక్క కాగితమ్ముక్క రాసియ్యండి డాట్రుగారూ," అంది దాసమ్మ. "నీడపట్టున తేలిక పని చూపిస్తా. జబ్బు కాదంటారా, ఇయ్యాలే తీసేస్తా. దీని వంతు కాయ మిగతావోళ్ళు ఎందుకు గిల్లాలయ్యా? మొన్న మా ఆడబిడ్డ పెళ్ళిలో అక్షింతలు వెయ్యమంటే, బియ్యం గుప్పిట్లో పట్టుకునే నిద్రపోయింది మారాణి! పెళ్ళికొడుకు దీన్ని చూసి ఏమన్నాడనుకున్నారు? 'అయ్యో, నాకిట్టాంటి పిల్లను చూశారు కాదే, తిట్టడానికి మెలకువే ఉండదు' అన్నాడు."

సామ్రాజ్యం ఫక్కున నవ్వింది. అంత విరగబడి నవ్వే మొహాన్ని తను మళ్ళీ చూడలేదన్నారు మాస్టారు. నవ్వు సగంలో ఉండగానే దవడ జారింది, మెడ వాలింది, మోకాళ్ళు మడతపడ్డాయి. పసివాణ్ణి దాసమ్మ అందుకుంది. మనిషి నిలబడ్డచోటే నేల మీదికి, దండెం తెగిన చీరలా జారిపోయింది.

మాస్టారు నాడి చూశారు. బాగానే కొట్టుకుంటోంది. రెప్పలు అల్లాడుతున్నాయి. పిల్లవాడు ఏడిస్తే ఆమె కంటి కొన నుంచి నీళ్ళు కారాయి. ఆయన లేచి చేతులు కడుక్కున్నారు.

"అంతా వింటూనే ఉంది దాసమ్మా. నిజంగా మూర్ఛ వచ్చిన మనిషి వినదు. ఇది నాటకం. మనసు గట్టి చేసుకోమను."

నిమిషం గడిచాక సామ్రాజ్యం లేచి కూర్చుంది. పైట సర్దుకుని, "నేను నిద్రపోలేదండీ, అన్నీ విన్నాను. కదల్లేకపోయాను," అంది. ఆ మాటను ఆయన తప్పు ఒప్పుకోవడంగా తీసుకున్నారు. కాగితం మీద ఒకే ఒక్క మాట రాశారు. ఆరోగ్యవంతురాలు.

మూడు నెలల తర్వాత దాసమ్మ పూలదండతో వచ్చింది. తీసేస్తానంటే సామ్రాజ్యం కాళ్ళావేళ్ళా పడిందట, తను వారం గడువు ఇచ్చిందట. ఆ వారంలో సామ్రాజ్యం ఒక్కసారీ పడలేదు. ఆ తర్వాతా పడలేదు. "మందు లేకుండా మాటతో నయం చేశారు మహానుభావులు!" అని అందరిముందూ దండ వేసింది. ఆ దండతో ఆయనకు పేరొచ్చింది. బద్ధకస్తులని ఇంట్లోవాళ్ళు విసిగిపోయినవాళ్ళను ఊళ్ళోంచీ పల్లెల్లోంచీ తెచ్చేవారు. ఆయన అందరికీ అదే మాట చెప్పారు. పదకొండేళ్ళు చెప్పారు.

పదకొండేళ్ళ తర్వాత, వేరే ఏదో వెతకబోయి, చదువుకునే రోజుల నాటి పుస్తకం తీశారట. ఒక పేజీ మీద పెద్ద కాఫీ మరక. పరీక్షల ముందు, గ్లాసు చేతిలో పట్టుకునే ఆ పేజీ దగ్గర నిద్రపోయిన సంగతి గుర్తొచ్చింది. మరక కింద నాలుగు పంక్తులున్నాయి. పగలు ఆపుకోలేని నిద్ర వచ్చే ఒక జబ్బుందనీ, నవ్వితే ఒళ్ళు పట్టు తప్పి కూలిపోతారనీ, తెలివి మాత్రం ఉండి అన్నీ వింటూనే ఉంటారనీ, వాళ్ళ మనసుకూ దీనికీ సంబంధం లేదనీ.

"మెలకువను నిలబెట్టి ఉంచే రసం ఒకటి మెదడులో ఊరుతుందర్రా," అన్నారు మాస్టారు మాతో. "దాన్ని ఊరించే కణాలు కాసిన్నే ఉంటాయి. ఆమెకు అవి చచ్చిపోయి ఉండాలి. ఆ రసాన్ని అప్పటికింకా ఎవరూ కనిపెట్టలేదు. కానీ జబ్బుకు పేరుంది, మందుంది, నా పుస్తకంలో నాలుగు పంక్తులున్నాయి."

ఆ సాయంత్రమే ఆయన మిర్చి కొట్టుకు వెళ్ళారు. ముఠా అంతా కూర్చుని తొడిమలు గిల్లుతోంది. సామ్రాజ్యం ఒక్కతే నిలబడి జల్లెడ పడుతోంది. కూర్చుంటే నిద్ర వస్తుందని ఇన్నేళ్ళూ నిలబడే చేసింది. నాలుక కింద మిరపగింజ. ఎవరో ఏదో మోటు హాస్యం ఆడారు. అందరూ గొల్లుమన్నారు. ఆమె మొహం సున్నం వేసిన గోడలా ఉంది.

ఆయన తన తప్పు చెప్పారు, మందుందని చెప్పారు. ఆమె జల్లెడ ఆపలేదు.

"నవ్వితేనే పడతానని నాకు తెలుసు బాబూ. మీరు జబ్బని కాగితం ఇయ్యలేదు కదా, నవ్వు మానేశాను. నవ్వొచ్చేట్టుంటే చచ్చిపోయిన మా అమ్మను తలుచుకునేదాన్ని. వీడు తొలి అడుగు వేసినప్పుడూ తలుచుకున్నా." కొట్టు గుమ్మం దగ్గర పుస్తకాల సంచి పట్టుకుని ఉన్న కొడుకును చూపించింది. "అమ్మకు నేనంటే పడదు అంటాడు అందరితో. ఆ మందేదో వాడిక్కూడా పనిచేస్తుందా బాబూ?"

మాస్టారు అక్కడితో ఆపారు. ఏడుకొండలు నేల చూస్తూ, "మీరేం చెప్పారండీ?" అని అడిగాడు. మిర్చి ఘాటు వసారాలోకి తెరలా వచ్చి వెళ్ళింది.

అప్పుడు మీరాబీ ఉలిక్కిపడి లేచింది. అందరం తననే చూస్తున్నామని తెలిసి, సిగ్గుతో గభాల్న నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. మాస్టారు ఆ పిల్ల మొహం చూడలేదు. వంగి ఆ పిల్ల మోకాళ్ళు చూస్తున్నారు. నవ్వు ఆగేదాకా అవి నిటారుగానే ఉన్నాయి. ఆయన ఊపిరి వదిలి, వేలు పెట్టుకున్న పేజీ తెరిచారు. దాని మీద పాత మరక ఒకటి ఉంది.

"నాలుగే పంక్తులు," అన్నారు. "అందరూ మేలుకునే ఉన్నారుగా?"