ఆరింటి ప్రార్థన

ఇంట్లో ప్రార్థన ఎవరు చేస్తారని ఆదివారం బడిలో టీచరు పిల్లల్ని ఒక్కొక్కరినే అడిగింది. కెజియా వంతు వచ్చింది.

"మా ఇంట్లో ఎవరూ చెయ్యరు టీచర్. మాకు ఖాళీ ఉండదు," అంది ఆ పదమూడేళ్ళ పిల్ల.

ఆ మాట సాయంత్రానికల్లా తల్లి సలోమి చెవిన పడింది. కూతుర్ని కోప్పడదామనుకుంది. కానీ ఏమని కోప్పడాలి? పిల్ల అబద్ధం చెప్పలేదు.

సలోమి, ఆమె భర్త జక్రయ్య చీరాల బస్టాండు ఎదురుగా చిన్న టిఫిన్ కొట్టు నడుపుతున్నారు. ముందు కొట్టు, వెనక ఒక్క గది ఇల్లు. తెల్లవారకముందే పొయ్యి వెలిగిస్తే పదింటిదాకా నడుం వాల్చేది లేదు. మధ్యాహ్నం బజారు, సాయంత్రం పిండి రుబ్బడం. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కూర్చుని రోజూ ప్రార్థన చేసుకునేవాళ్ళు. ఎప్పుడు మానేశారో ఇద్దరికీ గుర్తులేదు.

మర్నాడు మధ్యాహ్నం సలోమి నతానియేలు అయ్యగారి ఇంటికి వెళ్ళింది. ఆయన రిటైరైన పాస్టరు. చిన్నప్పుడు ఆమెకు వాక్యం నేర్పింది ఆయనే. అంతా విని ఆయన అడిగాడు.

"రోజులో నీకు ఎప్పుడు తీరిక?"

"ఎప్పుడూ లేదు అయ్యగారూ. అదే గదా నా బాధ."

"పోనీ, అన్నిటికంటే ఎక్కువ పని ఎప్పుడు?"

"పొద్దున ఆరింటికి. మొదటి బస్సులవాళ్ళంతా అప్పుడే వస్తారు. ఊపిరాడదు."

"అయితే ఆరింటికే వస్తాను."

ఆమెకు ఆ మాట బోధపడలేదు.

చెప్పినట్టే మర్నాడు ఆరింటికి ఆయన వచ్చాడు. పెనం చుట్టూ ఎనిమిదిమంది నిలబడి ఉన్నారు. ఆయన తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు.

"అట్లకాడ ఇవ్వమ్మా."

"అయ్యగారూ, మీకు అట్లు వెయ్యడం వచ్చా?"

"రాదు. నువ్వెళ్ళి ఆ బల్ల మీద కూర్చో. జక్రయ్యా, నువ్వూ రా. పాపని పిలువు."

చంకలోని గ్రంథం ఆమె చేతికిచ్చి పేజీ చూపించాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి మాట తీసెయ్యలేక సలోమి అట్లకాడ ఇచ్చి కూర్చుంది. చదవడం మొదలుపెట్టింది గానీ కళ్ళు పెనం మీదే ఉన్నాయి. కాసేపటికి మాడువాసన వచ్చింది. దిగ్గున లేవబోయింది.

"చదువమ్మా," అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే.

మళ్ళీ మాడింది. ఈసారి ఆమె లేవలేదు. గొంతు నెమ్మదిగా కుదురుకుంది. ఆ పేజీ అయ్యేసరికి పెనం సంగతే మరిచిపోయింది. జక్రయ్య తలవంచి రెండు ముక్కల ప్రార్థన చేశాడు. ఎన్నో ఏళ్ళకి చేసినవాడు, మాటల కోసం తడుముకున్నాడు. పక్కనే కెజియా చేతులు జోడించి తండ్రినే చూస్తూ ఉండిపోయింది.

సలోమి లేచి వచ్చి చూసింది. నిలబడ్డవాళ్ళు నిలబడినట్టే ఉన్నారు. ఒక ఆటో డ్రైవరు తన ప్లేటులోని అట్టు తిప్పి చూసుకుని, "ఒకవైపు బాగానే ఉంది అయ్యగారూ," అన్నాడు.

ఆయన అట్లకాడ ఆమెకి తిరిగిచ్చాడు.

"నాలుగు అట్లు మాడాయి. ఇంకేం కాలేదు."

"రేపూ వస్తారా అయ్యగారూ?"

"రేపు నాకు పనుంది," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆరింటికి సలోమి పెనం వంక చూసింది, ఎదురుగా ఉన్నవాళ్ళ వంక చూసింది. "పది నిమిషాలు ఆగండి," అని పొయ్యి కట్టేసింది. ఇద్దరు విసుక్కుంటూ పక్క కొట్టుకి పోయారు. ఆ వారమంతా ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. అయినా రోజూ కట్టేసింది.

రెండు నెలలు గడిచాయి. సలోమికి డెంగీ జ్వరం వచ్చింది. వెనక గదిలో మంచానికి అతుక్కుపోయింది. ముందు కొట్టులో జక్రయ్య ఒక్కడే అట్లు వేస్తున్నాడు, కెజియా పొట్లాలు కడుతోంది. ఆరు కావస్తోంది. బయట జనం గోల వినబడుతోంది. ఇవాళ ప్రార్థన వాళ్ళవల్ల ఏమవుతుందిలే అనుకుని ఆమె కళ్ళు మూసుకుంది.

పొయ్యి చప్పుడు ఆగింది.

జక్రయ్య గొంతు వినిపించింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. కష్టమైన పేర్ల దగ్గర కెజియా అందిస్తోంది. తరువాత పిల్ల గొంతెత్తి ప్రార్థన చేసింది. "ప్రభువా, మా అమ్మని లేపు," అంది. ఆఖర్న "ఆమేన్" అన్నది రెండు గొంతులే కాదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా కలిసి అన్నారు. గది గోడలు దాటి ఆ మాట మంచందాకా వచ్చింది.

సలోమి దుప్పటి మొహం మీదికి లాక్కుని తనివితీరా ఏడ్చింది. అంత జ్వరంలోనూ ఆమెకి లేచి నిలబడాలనిపించింది.

ఒళ్ళు కుదుటపడగానే ఆటో ఎక్కి అయ్యగారి ఇంటికి వెళ్ళింది. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"నేను పదకొండు రోజులు మంచాన ఉన్నాను అయ్యగారూ. ఒక్కరోజు కూడా ప్రార్థన ఆగలేదు. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు."

ముసలాయన మొహమంతా వెలిగింది.

"అయితే ఇక అది నీది కాదమ్మా," అన్నాడు. "మీ ఇంటిది."