బూచమ్మ సద్దిమూట

అనగనగా ఒక అడవిలో బూచమ్మ అనే తాబేలు ఉండేది. వయసు తొంభై ఆరు. తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఆ అడవికి వేగులు ఊసరవెల్లులు. ఏ కొమ్మ మీద కూర్చుంటే ఆ కొమ్మ రంగే! పొరుగు అడవి తోడేళ్ళ మీద కన్నేసి ఉంచడం వాటి పని. కానీ పిల్లలూ, తోడేళ్ళు దూరం, ఇరుగుపొరుగు దగ్గర. అందుకని అందరి గుమ్మాల దగ్గరా పొంచి వినేవి. మరి వేగుల్ని ఎవరు కనిపెట్టి ఉండాలి? అడవి సభ బూచమ్మనీ, నాంచారి అనే ఉడతనీ విచారణ సంఘంగా వేసింది. పేరు ఇచ్చింది. పిడికెడు గింజలు మాత్రం ఇవ్వలేదు.

ఒకనాడు చుక్కి అనే కౌజుపిట్ట వాగు దగ్గర, "సభాపెద్ద ఎలుగన్న సభలో గురక పెడతాడే!" అని నవ్వింది. ఆ పూట నుంచి కనిపించలేదు.

"మా అక్కని వేగులే పట్టుకుపోయి ఉంటారు, వెతికిపెట్టు అత్తా," అని దాని చెల్లెలు లచ్చి ఏడ్చింది.

వేగుల కొట్టం మూడు రోజుల నడక. బూచమ్మా నాంచారీ ఆకలితో కళ్ళు తిరుగుతుండగా చేరారు. వేగుల నాయకుడు దండపాణి ఎదురొచ్చాడు. తేనె, జొన్నపొత్తులు, చిలగడదుంపలు పెట్టాడు. ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

బూచమ్మ మూతి తుడుచుకుని, "లోపలి గది చూపించు," అంది.

దండపాణి నొచ్చుకున్నట్టు నీలంగా మారాడు. "తిన్న ఇంటి వాసాలు లెక్కపెడతారా పిన్నీ?"

మర్యాద నేర్పి పెంచిన ఆడదానికి అంతకు మించిన సంకెల లేదు. తలొంచుకుని తిరిగొచ్చారు.

రెండోసారి తినకూడదని ఒట్టేసుకుని వెళ్ళారు. నాంచారి గుమ్మంలోనే సొమ్మసిల్లింది. దండపాణి దాని నోట్లో తేనె పోశాడు. మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే తిరుగుదారి.

మూడోసారి బూచమ్మ తిన్నగా సభకే వెళ్ళింది. "మాకు దారికి సద్ది ఇవ్వండి," అంది.

"వేగులు విందులు పెడుతుంటే మూటలెందుకమ్మా?" అన్నాడు ఎలుగన్న. "అయినా ఆడవాళ్ళు, ఇంత వండుకుపోలేరూ?"

"నీ గద్దె నువ్వే చెక్కుకున్నావా ఎలుగన్నా? అడవే మోసుకొచ్చి వేసింది. వేగులకి నెలనెలా తేనెపట్లు ఇస్తున్నారు. వాళ్ళని నిలదీయాల్సిన మమ్మల్ని వాళ్ళ విస్తరి ముందే కూర్చోబెట్టారు. సద్ది ఇవ్వకపోతే ఈ సంఘాన్ని ఎత్తేయండి. లచ్చి ఉత్త ఆశలన్నా పెట్టుకోకుండా ఉంటుంది."

లచ్చి ముందుకొచ్చి నాలుగు సజ్జగింజలు పెట్టింది. కుందేళ్ళు దుంపలు పెట్టాయి. కోతులు పళ్ళు పెట్టాయి. చివరికి ఎలుగన్న కూడా గుణుగుతూ ఇప్పపూలు పడేశాడు.

ఇద్దరూ వెళ్ళి కొట్టం ఎదుట పొద కింద మూట విప్పారు.

"రండి పిన్నీ, వేడి వేడి దుంపలు!" అన్నాడు దండపాణి.

బూచమ్మ తింటోంది. పలకలేదు.

"పిన్నీ, తేనె!"

పలకలేదు.

"కోపమా పిన్నీ?"

బూచమ్మ ఆఖరి ముద్ద మింగి లేచింది. "మేం తిన్నది అడవి పెట్టిన సద్ది. ఇప్పుడు నీ వాసాలు లెక్కపెడతాం. ఎక్కవే నాంచారీ!"

నాంచారి వాసం పట్టుకుని పైకి పాకి, లోపలి గదిలోకి దూకింది. "అత్తా! ఇక్కడో గంప బోర్లించి ఉంది. లోపల చుక్కి!"

దండపాణి పచ్చబడ్డాడు, పసుపెక్కాడు, ఎర్రబడ్డాడు. దాక్కోడానికి ఏ రంగూ కుదరలేదు.

"నేనేమన్నానే! గురక అన్నాను, అంతేగా!" అంటూ చుక్కి ఎగిరొచ్చి బూచమ్మ డిప్ప మీద వాలింది. దారి పొడుగునా ముగ్గురూ ఎలుగన్న గురకని వంతులేసుకుని అనుకరించారు. అక్కని చూసి లచ్చి వాగు ఒడ్డున గంతులేసింది. దాని వెనక అడవంతా గంతులేసింది.

సభ దండపాణిని పని నుంచి తీసేసింది. సంఘానికి ఏటా సద్ది కట్టిచ్చే ఏర్పాటు చేసింది. మరుసటి ఏడాది బూచమ్మ ఎలుగన్న మీద పోటీచేసి సభాపెద్ద అయింది.

నీతి: వేగుల మీద కాపలా ఉండేవాళ్ళకి తిండి అడవి పెట్టాలి, వేగులే పెడితే వాళ్ళ నోరు మూతపడుతుంది.