రేవు దగ్గర నిలబడ్డవాళ్లు

"గురువుగారూ, సైన్యాన్ని నా చేతికి ఎప్పుడిస్తారు?" అని ఫణీంద్ర అడిగేసరికి దేవసహాయంగారు బల్ల మీద బీరపీచుతో చేసిన చిట్టి చెట్లు నాటుతున్నారు. తలెత్తలేదు. ప్రశ్నకు మాటతో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఎవరేమడిగినా కాసేపు విననట్టే ఉండి, తరవాత కొలత టేపు చేతికిచ్చి, ఆదివారం రమ్మంటారు. ఆ రోజూ టేపు చేతికిచ్చారు. కాకపోతే ఒక మాట చేర్చారు. "ఈసారి దండు నువ్వు నడుపు. నేను చూస్తాను."

ఈ ఆట ఎరగనివాళ్లకు ముందుగా కొంత చెప్పాలి. సైన్యమంటే బొటనవేలంత తగరపు బొమ్మల సైన్యం. దేవసహాయంగారు సర్వే శాఖలో పటాలు గీసి గీసి రిటైరైన మనిషి. బందరులో మా ఎదురింటి మేడ మీద గది నిండా ఒక బల్ల వేసి, థర్మోకోల్ చెక్కి గుట్టలు చేస్తారు. రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు పట్టించి పొలాలు పరుస్తారు, గాజుముక్కలు అతికించి వాగు పారిస్తారు. ఆ నేల మీద రెండు పక్షాలు బొమ్మలను నిలబెట్టి, టేపుతో కొలిచి ముందుకు జరిపి, పాచికలు వేసి, ఎవరు పడ్డారో ఎవరు నిలిచారో తేలుస్తాయి. ఒక్కో బొమ్మ ఇరవైమంది కింద లెక్క. ఇంగ్లీషు కుంఫిణీవాళ్లూ ఫ్రెంచివాళ్లూ మన తీరం కోసం కొట్టుకున్న రోజులంటే ఆయనకు ప్రాణం. యుద్ధాన్ని ఒక్కోసారి ఊహించుకునేవారు కానీ, కోటు రంగు, తలపాగా చుట్టు, తుపాకీ పట్టిన తీరు మాత్రం ఆ కాలానివే అయ్యుండాలి. గుండీ ఒకటి తప్పున్నా బొమ్మ వెనక్కి వచ్చేసేది.

నేను బడి నుంచి రిటైరయ్యాక, ఆదివారం పూట ఇంతమంది మగవాళ్లు మేడెక్కి చప్పుడు లేకుండా ఏం చేస్తున్నారో చూసొద్దామని వెళ్లి, అక్కడే ఉండిపోయాను. సాంఘికశాస్త్రం చెప్పిన చెయ్యి కనక పటం చూడటం వచ్చు. పాచికలు మా మనవలతో ఆడిన అలవాటు. తెల్లకోట్ల ఫ్రెంచి పక్షం నాకు ఖాయమైపోయింది.

ఇక ఫణీంద్ర సంగతి. చిలకలపూడిలో రోల్డు గోల్డు నగల పని అతనిది. ఆవగింజంత పువ్వులో రేకలు దిద్దే వేళ్లు. గురువుగారి దగ్గర చేరిన ఏడాదికే బొమ్మ కంట్లో పాప దిద్దగలిగాడు. గురువుగారికేమో చూపు మందగించింది, కుంచె మొన కనబడటం మానేసింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ పోగుచేసి రంగులద్దిన దండు, రెండు అల్మారాల నిండా ఉంది. దాన్ని ఎవరో ఒకరికి అప్పగించాలని ఆయనే అనుకుంటున్నారు. హైదరాబాదులో ఒక పెద్దమనిషి అద్దాల బీరువాలో పెట్టుకుంటానని మనిషిని కూడా పంపాడు. ఆయన చేతిలో పడితే ఆ బొమ్మలు మళ్లీ బల్లెక్కవని మా అందరికీ తెలుసు. అందుకే ఫణీంద్రకి నిద్రపట్టడం లేదు. సిగ్గు విడిచి అడిగేశాడు.

ఆదివారం వచ్చింది. ఎర్రకోట్ల కుంఫిణీ దండుకి ఫణీంద్ర నాయకుడు, అతని పక్కన లారీ సామాన్ల కొట్టు జిలానీ. ఎదురుగా నేను. ఫణీంద్ర ఆ వర్షాకాలమంతా కూర్చుని కొత్తగా తయారుచేసిన సిపాయిలను జేబురుమాల్లో చుట్టి తెచ్చాడు. పన్నెండు బొమ్మలు. ఎవరి మీసం వారిది. ఒకడి పెదవి చివర నవ్వు కూడా ఉంది. బల్ల మీద పెడుతూంటే అతని చెయ్యి వాటిని వదలలేకపోయింది. పోరు మధ్యలో పడితే పదిమంది చేతులూ తగిలి రంగు లేచిపోతుందని భయం. అందుకని బల్లకు ఆ చివర, వాగును కాలినడకన దాటే రేవు ఒకటుంటే, అక్కడ నిలబెట్టాడు. ఆ పక్కకి యుద్ధం రాదని అతని లెక్క. నా లెక్కా అదే.

"అవి సిపాయిలా, పెళ్లికొడుకులా? పల్లకీ కూడా పెట్టకపోయావా?" అన్నాడు జిలానీ. ఫణీంద్ర నవ్వి, గురువుగారి వైపు తిరిగి ఆ సిపాయిలకు తన ఆజ్ఞ చెప్పాడు. తను కబురు పంపేదాకా రేవు వదలకూడదు, ఎవరినీ దాటనివ్వకూడదు. గురువుగారు తల ఊపారు.

ఆ పూట ఫణీంద్ర ఆడిన తీరు నేను కాదనలేను. గుట్ట మీద నా ఫిరంగులుంటే, ఎదురు రాకుండా చెరుకుతోటల చాటున చుట్టు తిరిగి వచ్చాడు. జిలానీ ముందు నుంచి నన్ను కవ్విస్తూ, "టీచరుగారూ, మీ పిల్లలు వరస తప్పుతున్నారండీ, బెంచీ ఎక్కించండి" అంటూంటే నేను అటే చూస్తూ ఉండిపోయాను. ఫిరంగులు పోయాయి. నా నాయకుడి జెండా పోయింది. భోజనాల వేళకి నేను చేతులెత్తేశాను. ఫణీంద్ర బల్ల చుట్టూ వచ్చి నాకు నమస్కారం పెట్టాడు. గురువుగారి ముఖంలోకి చూశాడు. ఆయన భోంచేసి రండి అన్నారంతే. మిగతా మగవాళ్లందరూ గెలుపు గురించి ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుకుంటూ మెట్లు దిగి, సెంటర్లో మెస్సుకి వెళ్లారు.

నేను కళ్లజోడు తుడుచుకుని, నా బొమ్మలను పెట్టెలో సర్దబోయాను.

"ఉండండి టీచరుగారూ. వెనక మిగిలిన మీవాళ్లు ఏ దారిన పోతారు?" అని అడిగారు దేవసహాయంగారు.

బడిలో ప్రశ్నకి చెప్పినట్టే చెప్పేశాను. వాగు దాటి పోవాలి, ఇంకో దారి లేదు. ఎక్కడ దాటుతారన్నారు. నేను వేలు పెట్టి చూపించాను. చూపించిన వేలు అక్కడే ఆగిపోయింది. రేవులో పన్నెండుమంది ఎర్రకోట్ల సిపాయిలు, పొద్దున పెట్టినవాళ్లు పెట్టినట్టే, తుపాకులు భుజాలకెత్తి నిలబడి ఉన్నారు.

ఆ ఇంటి నియమం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆట మొదలయ్యాక బల్ల పక్కన నిలబడి నాయకుడు నోటితో చెప్పింది చెల్లదు. ఒక్కో పక్షానికి గుర్రం మీద కూర్చున్న బొమ్మ ఒకటుంటుంది. ఏ కబురైనా ఆ గుర్రం వెళ్లి చెప్పాలి. వంతుకి జానెడు దూరం నడుస్తుంది. అది చేరేదాకా ఎవరికి ముందు ఏం చెప్పారో వాళ్లు అదే చేస్తారు. ఫణీంద్ర తన గుర్రాన్ని పొద్దుటి నుంచీ గుట్ట చుట్టూనే తిప్పాడు. రేవు వైపు ఒక్కసారి పంపలేదు.

ఆట అయిపోయింది కదా అన్నాను. దేవసహాయంగారు పాచికలు నా చేతిలో పెట్టారు. ముసలాయన సరదా కాబోలు అనుకుని వేశాను. నా వెనకదళం రేవు చేరి కాల్చింది. ఆయన రెండు బొమ్మలను తీసి సత్తుపళ్లెంలో వెల్లకిలా పడుకోబెట్టారు. ఎర్రకోట్ల తరఫున ఆయన వేశారు. నావాడు ఒకడు పడ్డాడు. మళ్లీ నా వంతు. ఈసారి పళ్లెంలోకి వెళ్లినవాడు పెదవి చివర నవ్వున్నవాడు. పాచికలు బల్ల మీద పెట్టేశాను. నేను కాల్చను, పాచికలు వెయ్యను అని చెప్పేశాను.

"మీరు ఓడిపోయారని మీవాళ్లకు తెలీదు కదండీ."

నిజమే. నేను ఓటమి ఒప్పుకుని, నమస్కారం అందుకుని, మంచినీళ్లు తాగి, కళ్లజోడు తుడుచుకున్నాను. నా గుర్రం గుట్ట పక్కన ఉన్నది ఉన్నట్టే ఉంది. దాన్ని కదపాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. తెల్లకోట్ల నావాళ్లు, పోరు ఇంకా సాగుతోందని, తమ దండు కోసం దారి చేస్తున్నామని అనుకుంటూ, ఆ రేవు మీదికి పోతున్నారు. నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఆ పైన రెండు పక్కలకీ ఆయనే పాచికలు వేశారు. తొందరపడలేదు, ఆగలేదు. పటం మీద గీత గీసేటప్పుడు ఎలా ఉండేవారో అలాగే ఉన్నారు.

మెట్ల మీద నవ్వులు వినిపించాయి. ఫణీంద్ర గురువుగారి కోసం అన్నం పొట్లం తెచ్చాడు. గుమ్మంలోనే చెరుకుతోట సంగతి మళ్లీ మొదలుపెట్టాడు. బల్ల దగ్గరికొచ్చి ఆగాడు. చెయ్యి తగిలి బొమ్మలు పడిపోయాయనుకున్నాడు మొదట. ఎవరు తగిలించారని నన్నడిగాడు. తరవాత పళ్లెం చూశాడు. పన్నెండింటిలో రేవులో మిగిలినవి అయిదు.

"ఇదేమిటి గురువుగారూ? ఆట అయిపోయింది కదా. మనం గెలిచాం కదా."

"ఆ మాట వాళ్లకెవరు చెప్పారు?" అన్నారు దేవసహాయంగారు.

అన్నం పొట్లం ఫణీంద్ర చేతిలోంచి జారింది. వెనకే వచ్చిన జిలానీ వంగి దాన్ని తీసి పక్కన పెట్టాడు. ఫణీంద్ర ముందుకు వంగి ఆ అయిదుగురినీ గబుక్కున గుప్పిట్లోకి తీసుకోబోయాడు. దేవసహాయంగారు అతని మణికట్టు పట్టుకున్నారు. ఇన్నేళ్లలో ఆయన ఎవరి మీదా చెయ్యి వెయ్యడం మేము చూడలేదు.

"చేత్తో కాదు నాయనా."

ఫణీంద్రకి అర్థమైంది. గుట్ట దగ్గరికి పరుగెత్తినంత పని చేసి గుర్రాన్ని అందుకున్నాడు. నేనూ లేచాను, నా గుర్రాన్ని పట్టుకున్నాను. జిలానీ టేపు ఒక చివర పట్టుకున్నాడు. జానెడు. ఆగాలి. దేవసహాయంగారు పాచికలు వేస్తారు. ఒకడు పడతాడు. మళ్లీ జానెడు. పొద్దున నాయకుడి చోటు గుట్ట వెనక భద్రంగా ఉండాలని ఫణీంద్రే ఎంచుకున్నాడు. అక్కణ్ణుంచి రేవు ఎంత దూరమో ఎవరం కొలిచి చూసుకోలేదు. ఇప్పుడు కొలుస్తున్నాం. దారికి అడ్డంగా చెరుకుతోట ఒకటి వచ్చింది. గుర్రం దాన్ని చుట్టి పోవాలి. తోటలోంచి పోనివ్వమని ఫణీంద్ర కళ్లతోనే అడిగాడు. గురువుగారు చుట్టూ తిరిగే దారి వైపు వేలు చూపించారు.

పాచికలు ఒకసారి కరుణించాయి, ఎవరూ పడలేదు. ఫణీంద్ర ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. తరవాత వంతులో ఇద్దరు పోయారు. గుర్రానికీ రేవుకీ మధ్య ఒక్క జానెడు మిగిలింది. రేవులో ఒక్క సిపాయి. దేవసహాయంగారు పాచికలను అరచేతిలో కాసేపు ఉంచుకున్నారు. వేశారు.

ఆ ఒక్కణ్ణీ ఆయన తియ్యలేదు. ఫణీంద్ర తనే రెండు వేళ్లతో ఎత్తి పళ్లెంలో పడుకోబెట్టాడు. అయినా ఆగకుండా టేపు పరిచి, తన గుర్రాన్ని ఆఖరి జానెడూ నడిపించి, రేవులో నిలబెట్టాడు. దాని చుట్టూ గాజు నీళ్లు తప్ప ఏమీ లేదు. ఆ వంతులోనే నా గుర్రం కూడా నావాళ్లను అందుకుంది. ముగ్గురు మిగిలారు. వాళ్లు కాల్చడానికి ఎదురుగా ఎవరూ లేరు.

గదిలో ఎవరం కదలలేదు. తగరపు ముక్కల కోసం పెద్దవాళ్లం ఇంతమందిమి ఇలా అయిపోవడమేమిటని ఎవరైనా నవ్వవచ్చు. నేనూ నవ్వుకుందామనే చూశాను, రాలేదు. నా కళ్లు రేవులో నిలబడ్డ ఆ గుర్రం మీద నుంచి మళ్లలేదు.

"వాళ్లని మంచిచోటే పెట్టాననుకున్నాను గురువుగారూ. దెబ్బ తగలకూడదనే పెట్టాను," అన్నాడు ఫణీంద్ర. అతను అల్మారాల వైపు ఒకసారి చూసి, తల తిప్పేసుకున్నాడు. ఇక తను అడగనన్నాడు. ఆ హైదరాబాదు ఆయనకే కబురు చెయ్యమన్నాడు. బీరువాలో ఉంటే కనీసం ఎవరూ మరిచిపోరన్నాడు. చెప్పులు వేసుకోవడానికి గుమ్మం వైపు తిరిగాడు.

దేవసహాయంగారు బల్ల అంచు తడుముకుంటూ అతని దగ్గరికి నడిచారు. సత్తుపళ్లెం రెండు చేతుల్లో ఉంది. అందులో ఏ బొమ్మా దొర్లకుండా, నీళ్లు నిండుగా ఉన్న గిన్నె తెచ్చినట్టు తెచ్చి, ఫణీంద్ర చేతుల్లో పెట్టారు.

"ముందు వీళ్లని ఇంటికి చేర్చు," అన్నారు.