ఓబుళమ్మ కట్టిన పూలబుట్ట

అనగనగా ఒక కోట. మరీ పెద్దదేం కాదు, రాజుగారి మీసానికి సరిపడేంత. ఆ రాజుకు ఒక్కతే కూతురు. పేరు కువలయ, ఎనిమిదేళ్లది.

కువలయ మేడమెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. మూడు నెలలకు ఎముక అతికింది గానీ భయం పోలేదు. పాదం నేల మీద మోపమంటే కళ్లు గట్టిగా మూసుకునేది. వానలు మొదలయ్యేలోగా నడవకపోతే ఆ కాలు చచ్చుబడిపోతుందని చెప్పి, వైద్యుడు సంచీ సర్దుకున్నాడు.

పూలంటే పిల్లకు ప్రాణం. మేడ మీద మంచానికేమో తోట కనిపించదు. కిటికీ దగ్గర పూలబుట్ట వేలాడదీసి పిల్లను లేపినవాళ్లకు కోరింది ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

మొదట వర్తకుడు కోటప్ప వెండిబుట్ట తెచ్చాడు. దాని అడుగున ఒక్క చిల్లు లేదు. వెండికి చిల్లు పొడవడానికి ఆయనకు మనసొప్పలేదు మరి. నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లాయి. రాణిగారు ముక్కు మూసుకున్నారు.

తర్వాత తోటమాలి వీరన్న వచ్చాడు. ఎక్కడినుంచి చూసినా తన పనితనం కనబడాలని బుట్టను పైదూలానికి బిగించాడు. నీళ్లు పోయాలంటే నిచ్చెన కావాలి. నిచ్చెన ఎక్కడం ఎవరి పనో తేలేలోపు వడగాలికి మొక్క మాడిపోయింది.

కువలయ గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం మానేసింది.

మూడో మనిషి బుట్టలల్లే ముసలవ్వ ఓబుళమ్మ. వెదురుబుట్టలో కొబ్బరిపీచు పరిచి, మట్టి నింపి, శంఖుపూల విత్తులు నాటింది. దూలానికి గిలక కట్టి, తాడు కొస మంచంకోడుకు ముడేసింది. తాడు వదిలితే బుట్ట దిగుతుంది, లాగితే పైకి పోతుంది.

"అడుగున అరచెయ్యి పెట్టి చూడు తల్లీ. తేలిగ్గా ఉంటే దాహమేసినట్టు. పొద్దునా సాయంత్రం చెంబెడు నీళ్లు. ఇక్కడ నౌకర్లకు కొదవ లేదు, పనిచేసేవాళ్లకే కొదవ. అందుకని నువ్వే పోయాలి" అంది.

కువలయ పడుకునే తాడు వదిలింది, పడుకునే నీళ్లు పోసింది. మొలకలొచ్చిన రోజున అన్నం అడిగి తింది.

తీగ సాగాక ఓబుళమ్మ కొసలు గిల్లేసింది. పిల్ల గొల్లుమంది. వారం తిరిగేసరికి గిల్లినచోటల్లా రెండేసి కొమ్మలు వచ్చాయి. ఆ రోజే అవ్వ తాడుకు ఒక ముడి వేసింది. ముడి గిలకలో ఇరుక్కుని బుట్ట జానెడు పైనే ఆగింది. కువలయ లేచి కూర్చుని నీళ్లు పోసింది.

ఇంకో వారానికి రెండో ముడి. పిల్ల మోకాళ్ల మీద నిలబడాల్సి వచ్చింది.

మూడో ముడి పడిననాటికి ఆకాశంలో మబ్బులు పట్టాయి. తీగకు ఒక్క మొగ్గ ఉంది.

"అవ్వా, బుట్ట అందడం లేదు."

"నన్నేం చెయ్యమంటావు? దాహం దానిది, చెయ్యి నీది" అని ఓబుళమ్మ వాకిలి దగ్గర కూర్చుని వెదురు చీల్చుకుంటోంది. చూపు మాత్రం పిల్ల పాదాల మీదే ఉంది.

అప్పుడే రాజు లోపలికి రాబోయాడు. ఓబుళమ్మ అంతటి రాజునూ కళ్లతోనే గుమ్మంలో ఆపేసింది.

కువలయ ఒక పాదం నేల మీద పెట్టింది. రెండోదీ పెట్టింది. మంచంకోడు పట్టుకుని లేచి, అరచెయ్యి బుట్టకింద ఆనించింది. తేలిగ్గా ఉంది. చెంబు ఎత్తి నీళ్లు పోసింది. మొగ్గ విచ్చి నీలంగా నవ్వుతోంది. అప్పుడు గానీ పిల్ల తన కాళ్లవైపు చూసుకోలేదు.

"ఈ ముళ్లన్నీ నువ్వే వేశావు కదూ?"

"నేనే."

"ఇంకొకటి వెయ్యి అవ్వా. మునివేళ్ల మీద నిలబడతాను."

రాజు కళ్లు తుడుచుకుని ఏం కావాలో కోరుకోమన్నాడు. "మూలపడిన ఆ వెండిబుట్టకు చిల్లు పొడిపించండి. పిల్లకు రెండో బుట్ట కావాలి" అంది ఓబుళమ్మ.

పిల్లలూ, లే లే అని వందసార్లు చెప్పినా లేవనివాళ్లు, తమ చేతి నీళ్ల కోసం ఒక ప్రాణం ఎదురుచూస్తుంటే లేచి నిలబడతారు.