అద్దం పెట్టే చోటు

తారకయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏమి అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కారు. చేతిలో ఉన్న పని, అది వత్తులు చేయడమైనా సరే, ఆకుకూర బాగుచేయడమైనా సరే, ముందు పూర్తిచేసేవారు. ఆ తరువాత ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. శ్లోకం చెబితే నోట్లో ఉంటుంది, జరిగింది చెబితే ఒంట్లో ఉంటుంది అనేవారు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆయన పెంకుటింటి అరుగుమీద ప్రతి ఆదివారం పొద్దున పదీ పన్నెండు మంది చేరేవారు. వారిలో ప్రమీలారాణి ఒకరు. ప్రభుత్వ ఆస్పత్రిలో పదిహేనేళ్లుగా నర్సు పని చేస్తున్న మనిషి. ఒక ఆదివారం ఆవిడ తనలో ఎన్నాళ్లుగానో నలుగుతున్న మాట బయటపెట్టింది.

"గురువుగారూ, నేను రోగుల్ని విసుక్కోనండి. చెయ్యాల్సిందంతా మనసు పెట్టే చేస్తాను. అయినా కొందరు నేను మంచం దగ్గరికి రాగానే గోడవైపు తిరిగిపోతారు. లోపం నా సేవలో ఉందంటారా, వాళ్ల మనసులో ఉందంటారా?"

తారకయ్యగారు ఒళ్లోని పళ్లెంలో మిగిలిన మునగాకు దూశారు. ఈనెలు ఏరి పక్కన పెట్టారు. అప్పుడు ఈ సంగతి చెప్పారు.

కోనసీమలో సూరిబాబు అని ఒక దింపు కార్మికుడు ఉండేవాడు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం అతని వృత్తి. ఇరవై రెండేళ్లు నడుముకి మోకుతాడు కట్టుకుని బతికాడు. చుట్టుపక్కల తోటల్లో ఏ చెట్టు ఎటు వంగిందో, ఏ చెట్టు మొవ్వులో ఎలకలు గూడు పెట్టాయో అతనికి తెలిసినట్టు తోటల ఆసాములకే తెలియదు. ఒక వేసవిలో, అకాలపు వాన కురిసి వెలిసిన పొద్దున, తడి ఆరని చెట్టుమీద అతని కాలు జారింది. ప్రాణమైతే నిలిచింది. నడుము కిందిభాగం చచ్చుబడిపోయింది. పట్నం ఆస్పత్రిలో మూడు నెలలు ఉంచుకుని, ఇక చేయగలిగింది ఏమీ లేదని ఇంటికి పంపించారు.

అతని భార్య పేరు అనంతలక్ష్మి. కష్టం వస్తే కూర్చుని ఏడిచే మనిషి కాదు, లేచి కొంగు బిగించే మనిషి. వాళ్లది రెండు గదుల డాబా. సూరిబాబు మంచం ముందుగదిలో వేస్తే నడవడానికి దారి లేకుండా పోయింది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అతన్ని చుట్టుకుని వెళ్లాలి. ఒళ్లు తుడవాలంటే వీధితలుపు మూయాలి. ఇలా కాదని ఆమె వంటింటి వెనకాల ఉన్న జాగాలో అతనికోసమే ఒక గది, దానికి ఆనుకుని స్నానాలగది వేయించడానికి పూనుకుంది. అయితే ఆ జాగాకి మూడు పక్కలా ఇరుగుపొరుగుల గోడలే. నాలుగో పక్క వంటిల్లు. కిటికీ అన్న మాటకే చోటు లేదు. తాతాజీ అనే తాపీమేస్త్రి వచ్చి కొలతలు వేసి, గదిలోకి వెలుతురు రావాలంటే ఇక శ్లాబులోంచే రావాలి చెల్లెమ్మా అన్నాడు. శ్లాబుకి కన్నం వదిలి, దానిమీద అద్దం బిగించాలన్నమాట.

ఆ మాట వినడంతోనే అనంతలక్ష్మికి ఒక ఆలోచన పుట్టింది. ఇరవై రెండేళ్లు ఆకాశంలో బతికిన మనిషి కదా, ఆ ఆకాశాన్ని తెచ్చి మంచంమీద పరుస్తాను అనుకుంది. ఆ ఊపుతోనే బస్సెక్కి మూడుసార్లు పట్నం వెళ్లింది. కొట్టువాడు ఆమెకి రకరకాలవి చూపించాడు. బోర్లించిన బేసినులా ఉబ్బెత్తుగా ఉండేవి, పాలరంగువి, కర్రతో నెడితే పైకి లేచేవి, అసలు కదలనివి. చదును డాబాకయితే నీళ్లు నిలుస్తాయి కాబట్టి కన్నం చుట్టూ జానెడు ఎత్తున గట్టు కట్టాలని, అద్దాన్ని కాస్త ఏటవాలుగా పెట్టాలని, పగిలినా పెంకులు కిందికి రాలకుండా రెండు పొరల అద్దమే వేయాలని వివరంగా చెప్పాడు. ఆమె ఒక్క ముక్క పోకుండా గుర్తుపెట్టుకుని వచ్చి మేస్త్రికి అప్పజెప్పింది. వాటన్నిటిలోకీ పెద్దది, అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మంచినీళ్లలా తేటగా ఉండేది ఎంచుకుంది. అది సరిగ్గా మంచం పైనే రావాలంది. ఇంటికొచ్చి భర్తకి అంతా చెప్పి, బాగుందా అని అడిగింది. బాగుందన్నాడు.

అద్దం ముందుగానే వచ్చేసింది. దాన్ని గోనెలు కప్పి ముందరి వసారాలో గోడకి ఆనించారు. గోనె జారినప్పుడల్లా కోళ్లు వచ్చి అద్దంలో కనబడే కోళ్లని పొడిచేవి.

ఆ రోజునుంచే సూరిబాబు మరీ ముభావంగా అయిపోయాడు. అన్నం తినిపిస్తుంటే కళ్లు మూసుకునేవాడు. పని అయిన వెంటనే ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. నొప్పేమోనని ఆమె నూనె కాచి రాసింది. దిష్టేమోనని ఉప్పు తిప్పింది. చివరికి, ఇంత చేస్తుంటే ఒక్క మంచిమాట అయినా రాదేమని లోలోపల కోపం వచ్చింది. కదలలేని మనిషిమీద కోపం తెచ్చుకున్నందుకు తనమీద తనకే సిగ్గు వేసింది. ఈ రెండింటినీ మింగి, లేస్తున్న కొత్తగది గోడలకి నీళ్లు కొట్టడానికి వెళ్లిపోయేది.

గోడలు లేచాయి. శ్లాబుకోసం కింద సరుగుడు కర్రలు నిలబెట్టి, పైన రేకులు పరిచి, చువ్వలు కట్టారు. అద్దం వచ్చేచోట మాత్రం రేకు వేయకుండా చుట్టూ చెక్కలు బిగించి వదిలేశారు. తెల్లవారితే కాంక్రీటు. ఒకసారి పోశాక ఆ కన్నాన్ని అంగుళం కూడా జరపలేరు. అందుకని తాతాజీ ఆ మధ్యాహ్నం ఒక్కడే వచ్చి, మంచం కచ్చితంగా ఎక్కడ వేస్తారో మరోసారి చూపించమన్నాడు. అనంతలక్ష్మి ఇటుకముక్క తీసుకుని కింద ఇసుకలో మంచం గీసి చూపింది. తల ఇటు, కాళ్లు అటు. తాతాజీ నిలబడి పైకి చూశాడు. తాడు వేలాడదీసి చూశాడు. అంతా సరిగానే ఉంది. అయినా ఎందుకో అతనికి తృప్తి కలగలేదు. భుజంమీది తువ్వాలు తీసి ఆ గీతల మధ్య పరిచి, దానిమీద వెల్లకిలా పడుకున్నాడు.

ఆమెకి నవ్వు వచ్చింది. అతను మాత్రం నవ్వకుండా, బావకి అన్నం పెట్టేటప్పుడు ఎలా వంగుతావో అలా ఒకసారి వంగమన్నాడు. ఆమె వంగింది. అతను కళ్లు చికిలించి చూశాడు, మూసుకున్నాడు, మళ్లీ తెరిచాడు. లేచి వీపు దులుపుకున్నాడు.

"ఇప్పుడు నువ్వు పడుకో చెల్లెమ్మా," అన్నాడు.

ఆమె కాసేపు తటపటాయించి, చీర కుచ్చెళ్లు సర్దుకుని పడుకుంది. కన్నంలోంచి ఆకాశం నేరుగా కళ్లలోకి దూకింది. తాతాజీ చేతిలో కంచం ఉన్నట్టు పట్టుకుని ఆమెమీదికి వంగాడు. పదేళ్లుగా ఎరిగున్న మనిషి. బుగ్గమీసాలు, కుడి కనుబొమ మీద గాటు, అన్నీ ఆమెకి తెలుసు. అందులో ఒక్కటీ కనిపించలేదు. చుట్టూ తెల్లగా మండుతున్న వెలుగు, మధ్యలో తలకాయ ఆకారంలో ఒక నల్లటి ముద్ద. ఎవరో, ఏ భావంతో చూస్తున్నారో కూడా తెలియని ముద్ద.

"అన్నయ్యా, కాస్త నవ్వండి," అంది.

"నవ్వుతూనే ఉన్నానమ్మా."

ఆమె చాలాసేపు అలాగే పడుకుండిపోయింది.

ఇద్దరూ ముందుగదిలోకి వెళ్లేసరికి సూరిబాబు గోడవైపు తిరిగి ఉన్నాడు. అనంతలక్ష్మి ఏదో అడగబోతే తాతాజీ చేత్తోనే ఆపి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అద్దం ఊసే ఎత్తలేదు. పక్కింటివాళ్ల చెట్టు ఒకటి మన గదిమీదికి వంగి ఉంది కదా బావా, దాని కాయ రాలితే ఎక్కడ పడుతుంది అని అడిగాడు. సూరిబాబు తల ఇటు తిప్పాడు. అతను ఇంటికి వచ్చిన తరువాత, మందులేసుకున్నావా, తిన్నావా అని కాకుండా అతన్ని ఎవరైనా ఒక సంగతి అడగడం అదే మొదలు. ఆ చెట్టు తూర్పుకి ఒరిగిందని, మామూలుగా రాలితే వంటింటి డాబామీదే పడుతుందని, పడమటిగాలి తోలినప్పుడు ఇంకా అవతల పడుతుందని, కొత్తగది జోలికి మాత్రం రాదని చెప్పాడు. మట్టలతోనే చిక్కు, అవి గాలికి ఎటైనా కొట్టుకొస్తాయి, అద్దంమీద ఇనుపజల్లెడ తప్పదు అన్నాడు. వానాకాలం ముందు ఆ చెట్టు తల బాగుచేయించాలి, ఫలానా కుర్రాణ్ణి పిలవండి, మిగతావాళ్లకి దాని నడక తెలియదు అన్నాడు. మాట్లాడుతుంటే అతని గొంతులో ఎప్పటి బిగువో తిరిగొచ్చింది. అప్పుడు తాతాజీ నెమ్మదిగా, నీకయితే అద్దం ఎక్కడ ఉంటే బాగుంటుంది అని అడిగాడు.

సూరిబాబు భార్యవైపు ఒకసారి చూసి చూపు దించుకున్నాడు. ఆస్పత్రిలో మూడు నెలలూ తన మంచం పైనే ట్యూబులైటు ఉండేదన్నాడు. డాక్టరు వంగినా, నర్సు వంగినా, అనంతలక్ష్మి వంగినా తనకి ఒకే నల్లటి నీడ కనబడేదన్నాడు. సూది వేసేది ఎవరో, గంజి పోసేది ఎవరో గాజుల చప్పుడుబట్టి పోల్చుకునేవాడట. ఆ పెద్దద్దం వచ్చిన రోజునుంచి మళ్లీ అదే నీడ కళ్లముందు ఆడుతోందన్నాడు.

"ఆకాశాన్ని ఇరవై రెండేళ్లు దగ్గరనుంచి చూశాను బావా. అక్కణ్ణించి చూస్తే మనుషులవి నడినెత్తులే కనిపిస్తాయి. ఇప్పుడు మొహాలు చూడాలనుంది. తలుపు దగ్గర, లోపలికొచ్చేవాళ్లు ఆగేచోట పెట్టు. పెద్దది అక్కర్లేదు."

అనంతలక్ష్మికి తను మూడుసార్లు బస్సెక్కి తిరగడం గుర్తొచ్చింది. ఇంతకాలం నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదని అడిగింది. ఆమె గొంతులో నిష్ఠూరం దాగలేదు.

"నువ్వు బాగుందా అని అడిగావు," అన్నాడు సూరిబాబు. "బాగుందన్నాను."

ఆమె వంటింట్లోకి వెళ్లి ముగ్గురికీ టీ పెట్టి తెచ్చింది. టీ తాగుతూ వాళ్లు మిగతా సంగతులు మాట్లాడుకున్నారు. ఈసారి సూరిబాబే ఎక్కువ మాట్లాడాడు. ఎండ సూటిగా పొడవకుండా పాలరంగు అద్దం వేయమన్నాడు. ఉక్కపోతకి వేడి పైకి పోయేలా తెరుచుకునేది కావాలన్నాడు. తెరిచే కర్ర తన చేతికి అందదు కాబట్టి తాడు కట్టి మంచందాకా లాగమన్నాడు. మోకు వేయడం తెలిసినవాడు గనక ఆ తాడుకి ముడి ఎలా వేయాలో మేస్త్రికి తువ్వాలు అంచుతో వేసి చూపించాడు. గట్టు జానెడు చాలదు, మన ఊళ్లో తుఫాను వాన డాబామీద ఎంత నిలుస్తుందో కొట్టువాడికేం తెలుసు, మూరెడు కట్టమన్నాడు. అనంతలక్ష్మి అన్నీ వింటూ, పదిహేనేళ్ల కాపురంలో ఇతను ఇల్లు గురించి ఇన్ని మాటలు మాట్లాడటం ఎప్పుడు విన్నానా అని ఆలోచించింది. గుర్తు రాలేదు. అప్పటికి మనసులోని నిష్ఠూరం కూడా కొంత సర్దుకుంది.

తాతాజీ మనిషిని పంపి ఇద్దరు పనివాళ్లని పిలిపించాడు. చెక్కలు ఊడదీసి తలుపు వైపుకి జరిపి, రెండున్నర అడుగుల చిన్న చదరం చేసి, చువ్వలు మళ్లీ కట్టేసరికి పొద్దు వాలింది. తెల్లవారి కాంక్రీటు అనుకున్న వేళకే పోశారు. పెద్దద్దాన్ని కొట్టువాడు ఏ పేచీ పెట్టకుండా మార్చి, చిన్నది ఇచ్చాడు. కోళ్లు రెండు రోజులు వసారాలో వెతుక్కుని మానేశాయి.

శ్లాబు ఆరి, సున్నం వేసి, సూరిబాబుని ఆ గదిలోకి మార్చిన మర్నాటి పొద్దున అనంతలక్ష్మి కాఫీగ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లింది. గడప దాటగానే పైనుంచి తెల్లటి మెత్తటి వెలుతురు ఆమెమీద పడింది. సూరిబాబు మంచంమీదనుంచి ఆమెని చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. ఆమెకి ఎందుకో కొత్తపెళ్లికూతురులా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. కాఫీ చల్లారుతుందని తెలుసు. అయినా కదల్లేదు.

"నీకు చెంపలు ఎప్పుడు నెరిశాయి?" అన్నాడతను.

"నాలుగు నెలలైంది," అంది ఆమె. అతను గోడవైపు తిరగలేదు. ఆమె మంచం అంచున కూర్చుని గ్లాసు అందించింది. ఆ కాఫీ ఇద్దరూ చెరిసగం తాగారు.

తారకయ్యగారు అంతవరకు చెప్పి ఊరుకున్నారు. ప్రమీలారాణి ఒళ్లో చేతులు పెట్టుకుని ఆలోచించింది. భార్య ప్రేమలో వంక పెట్టడానికి లేదు. భర్త చెప్పలేకపోవడంలోనూ తప్పు కనబడదు. అలాంటప్పుడు ఆ ఇద్దరి మధ్య అన్నాళ్లు నలిగినదానికి తప్పు ఎవరిదనుకోవాలండీ అని అడిగింది.

తారకయ్యగారు మునగాకు పళ్లెం తీసుకుని లేచారు.

"తప్పు ఎవరిదని మేస్త్రి అడగలేదమ్మా," అన్నారు. "కాసేపు పడుకుని చూశాడు."