డార్క్‌రూమ్‌లో కాసేపు

భ్రమర గీసిన గ్రాఫులో గీత ఎడమవైపుకు వచ్చేసరికి అడుక్కి దిగి, ఇక లేవలేదు. దాన్ని తన గైడు సదానందం గారి బల్ల మీద పెట్టి ఆమె నిలబడే ఉంది.

"చూడండి సార్. పూర్తి చీకటి."

అది ఒక క్వేసార్ వెలుగు. ఎక్కడో బాగా దూరాన, ఒక గెలాక్సీ నడిబొడ్డున మండే దీపం లాంటిది. దాని అతినీలలోహిత కాంతి మన దాకా వచ్చే దారిలో, గెలాక్సీల మధ్య పలచగా పరుచుకున్న హీలియం కొంత మింగేస్తుంది. ఒక్క ఎలక్ట్రాన్ మిగిలిన హీలియమే అలా మింగుతుంది. అదీ ఊడిపోయిన చోట వెలుగు దాటిపోతుంది. భ్రమర లెక్క ప్రకారం ఈ దారిలో ఎక్కడా దాటలేదు. ఆ మాటే పేపరు శీర్షికలో పెట్టింది.

ఇలాంటి దారి దొరకడమే అరుదు. చాలా క్వేసార్ల వెలుగును మధ్యలోని హైడ్రోజన్ మబ్బులు ముందే ఆపేస్తాయి. ఈ ఒక్కదాని కోసం ఆమె అంతరిక్ష టెలిస్కోపు వాళ్ళకు ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టింది.

"మీరు సరేనంటే సాయంత్రం జర్నలుకు పంపేస్తాను సార్."

సదానందం గారు గ్రాఫును కిటికీ వైపు తిప్పి చూశారు.

"గీత ఇంత నున్నగా ఉందేమ్మా?"

"గరుకు తీసేశాను సార్. పక్కపక్క విలువలకు సగటు కట్టాను. అప్పటికీ మిగిలిన చిన్న ముళ్ళను సున్నా చేశాను. పరికరం రొద, నాయిసే కదా."

"ఇస్త్రీ చేశావన్నమాట."

"ముడతల చొక్కాతో పెళ్ళికి పోలేం కదా సార్."

ఆయన నవ్వి, సొరుగులోంచి తాళంచెవి తీశారు.

వరండా చివర పాత డార్క్‌రూమ్ ఉంది. గాజు ప్లేట్ల మీద నక్షత్రాలను ఫోటో తీసే రోజుల్లో కట్టింది. ఇప్పుడందులో విరిగిన కుర్చీలు పడేస్తున్నారు. రసాయనాల పుల్లటి వాసన మాత్రం పోలేదు. గడప దాటగానే సదానందం గారు ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. రెండు కుర్చీలు దులిపి, తలుపు వేశారు. బయట మిట్టమధ్యాహ్నం.

"ఏం కనిపిస్తోంది?"

"ఏమీ లేదు సార్. చీకటి."

"కూర్చో."

కూర్చుంది. ఆయనా రెండో కుర్చీలో కూర్చున్నారు. ఆమెకు సాయంత్రం పని గుర్తొచ్చింది.

"సార్, పేపరు..."

"మా గురువుగారు ఇలా కూర్చోబెడితే గానీ ప్లేటు పెట్టె తెరవనిచ్చేవారు కాదు. పక్కనే ఆయనా కూర్చునేవారు. మేం కదిలితే చిన్నగా దగ్గేవారు. ఇంకా లేవొద్దని."

కాసేపటికి ఎదురు గోడలో ఆవగింజంత మెరుపు తేలింది. తర్వాత తలుపు కింద వెంట్రుక లాంటి గీత.

"సార్, వెలుతురు కారుతోంది."

"ఎప్పట్నుంచి?"

ఆమె లేచి వెళ్ళి మెరుపు మీద వేలు పెట్టి, తీసి చూసింది.

"ఆ మేకు కంత నీ వయసులో నేనే మూశాను," అన్నారు సదానందం గారు. "మళ్ళీ తెరుచుకున్నట్టుంది."

లేచి తలుపు తీశారు. వెలుతురుకు ఇద్దరూ కళ్ళు చికిలించారు.

"మేం చూసి మూసేవాళ్ళం. నీ ముళ్ళను నువ్వు చూడకుండానే మూశావు."

ఆ సాయంత్రం పేపరు వెళ్ళలేదు. భ్రమర ఇస్త్రీ చేయని గీతను మళ్ళీ తెరిచి దాని ముందు కూర్చుంది. ముళ్ళలో చాలావరకు నాయిసే. ఒక్కటి మాత్రం, ఏ పరిశీలనలో చూసినా, అదే చోట నిలబడి ఉంది. అక్కడ వెలుగు దాటింది. శీర్షిక మారింది.

ఇప్పుడా డార్క్‌రూమ్ లేదు. అక్కడ కంప్యూటర్లు పెట్టారు. వాటి ఆకుపచ్చ దీపాలు ఎప్పుడూ ఆరవు. సదానందం గారూ లేరు.

భ్రమర దగ్గరికి ఇప్పుడు విద్యార్థులు నున్నటి గ్రాఫులు తెస్తుంటారు. ఆమె గ్రాఫు పక్కన పెట్టి కూర్చోమంటుంది. ఏదో చెబుతుందని వాళ్ళు ఎదురు చూస్తారు. విసుగొచ్చి లేవబోతారు.

ఆమె చిన్నగా దగ్గుతుంది.