జిల్లేడు మానేసిన గొంగళిపురుగులు

తిండి విషయంలో నేను మహా పిరికివాణ్ని. పక్కన కూర్చున్నవాడు "అది తింటున్నారా?" అని అడిగితే చాలు, ముద్ద గొంతులో ఆగిపోతుంది. వంకాయ మంచిదో చెడ్డదో తేల్చుకోలేక ఒక చలికాలమంతా దాన్ని దూరం నుంచి చూస్తూ గడిపాను. కాబట్టి నాలాంటివాళ్ళ కథ చెప్పే హక్కు నాకుంది. వాళ్ళు గొంగళిపురుగులు. నాకన్నా కాళ్ళు ఎక్కువ, అంతే తేడా.

పంటకాలువ గట్టు మీద ఒక జిల్లేడు పొద. దాని మీద చారల పురుగుల సంసారం. ఒంటి నిండా నలుపు, తెలుపు, పసుపు చారలు, నెత్తిన మెత్తటి నల్ల కొమ్ములు. ఆకు కొరికితే పాలు కారేవి. ఆ పాలతో సహా ఆకుని నమిలి మింగడమే వాళ్ళ ఉద్యోగం.

కాకి వచ్చి వాలేది, వాళ్ళని చూసేది, మొహం తిప్పుకుని పోయేది. తొండ దగ్గరదాకా వచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగేది. ఎందుకలా తప్పుకుంటున్నారో పురుగుల్లో ఎవరికీ తెలీదు. మన చారలకి లోకం ఇచ్చే మర్యాద అనుకునేవాళ్ళు.

అదే పొద మీద కాపురం ఉండే మిడత తాత మాత్రం అప్పుడప్పుడు అనేవాడు. "ఈ ఆకు వదలకండర్రా."

"ఎందుకు తాతా?"

"మా తాత చెప్పాడు."

"ఆయనెందుకు చెప్పాడు?"

"అడిగితే తన్నాడు."

ఆ ఏడు ఎండలు ముదిరి, చేలల్లో పురుగూ పుట్రా కరువైపోయింది. అప్పుడొచ్చింది గోరింక. కళ్ళ చుట్టూ పసుపు రంగు, అచ్చం బంగారు ఫ్రేము కళ్ళజోడు పెట్టుకున్నట్టు. నడక చూస్తే రౌండ్లకొచ్చిన పెద్ద డాక్టరమ్మ నడక.

"ఇక్కడ పెద్ద ఎవరు?"

వంకరకొమ్ము బాబాయి ముందుకొచ్చాడు. ఆయనకి పుట్టుకతోనే ఒక కొమ్ము పక్కకి వంగి ఉంటుంది. "నేనేనండి."

"మొహం అలా ఉందేంటి? నిద్ర పడుతోందా?"

"బాగానే పడుతోందండి."

"మరీ బాగా పడుతోందా?"

బాబాయి ఆలోచించాడు. "అవునండి. మీరంటే తెలుస్తోంది, కొంచెం మరీ బాగానే."

"అనుకున్నా," అని గోరింక నిట్టూర్చింది. ముక్కుతో ఒక జిల్లేడాకు తుంచింది. పాలచుక్క ఒకటి జారి కింద పోతున్న చీమ మీద పడింది. చీమ వెల్లకిలా తిరిగి, కాళ్ళు కొట్టుకుని, ఆగిపోయింది.

"ఇదీ మీరు పొద్దస్తమానం తాగేది."

పొద మీద నమలడం ఆగిపోయింది.

"మరి మేం బతికే ఉన్నాం కదండీ?" అంది బొద్దు. పురుగుల్లోకెల్లా లావుపాటిది అదే. ఎప్పుడు చూసినా మొహం ఆకులోనే ఉండేది.

"విషం ఒక్కరోజులో చంపదమ్మా, పేరుకుంటుంది. నీ ఒంట్లో ఎంతుందో తెలిస్తే నీ పక్కన నువ్వే పడుకోవు."

ఇందులో ఒక్క అబద్ధం లేదని గమనించాలి. వాళ్ళ ఒంట్లో విషం నిజంగానే నిండుగా ఉంది. చిన్నప్పుడు తెలీక ఒక చారల పురుగుని నోట పెట్టుకుని, ప్రాణం కడబట్టేదాకా కక్కుకున్న సంగతి మాత్రం గోరింక చెప్పలేదు. గూట్లో నోళ్ళు తెరుచుకుని కూర్చున్న తన పిల్లల సంగతి అసలే చెప్పలేదు.

"ఏం తినమంటారండీ మరి?" అన్నాడు బాబాయి.

"గట్టు దిగితే తోటకూర మడి ఉంది. పాలు లేని ఆకు, జిగురు లేని ఆకు, చేదు లేని ఆకు. పచ్చిగా తినాలి."

"మేమెప్పుడూ పచ్చిదే తింటామండీ," అంది బొద్దు.

"తినడం వేరు, తింటున్నామని తెలిసి తినడం వేరు."

"ఎంత బాగా చెప్పారండీ," అంది బొద్దు చెల్లెలు నలుసు. చిన్నది, సన్నది, ఏ పనైనా మనసు పెట్టి చేసేది.

గోరింక ఆ పిల్లని చూసి మురిసిపోయింది. "ఒళ్ళు శుద్ధి అయినవాళ్ళకి రెక్కలు కూడా ముందే వస్తాయమ్మా."

మధ్యాహ్నానికల్లా అందరికీ కడుపునొప్పి పట్టుకుంది. పొద్దున ఎవరికీ లేదు.

సాయంత్రం ప్రయాణం కట్టారు. గోరింక దగ్గరుండి గట్టు దింపింది. దారిలో తొండ తల ఎత్తితే ముక్కుతో పొడిచి తరిమింది. ఎంత దయ అని పురుగులు కళ్ళు తుడుచుకున్నాయి. బజార్లో మన కూరగాయల సంచీ మీద ఇంకొకడు చెయ్యి వేస్తే మనమూ ఊరుకోం కదా.

అప్పట్నుంచి రోజూ పరీక్ష. "నోరు తెరువు." వాసన చూసేది. "ఇంకా ఉంది. ఓపిక పట్టు." ఒకరోజు బాబాయి దగ్గర ఆగి, ఇంకోసారి వాసన చూసి, "శుద్ధి," అంది. అందరూ ఆయన చుట్టూ చేరి అభినందించారు. మర్నాడు పొద్దున లేచేసరికి బాబాయి లేడు.

"రెక్కలొచ్చేశాయి," అంది గోరింక, ముక్కు ఆకుకి తుడుచుకుంటూ. "వెళ్ళొస్తానని అందరికీ చెప్పమన్నాడు."

ఆ తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ఇద్దరు ఒకేసారి. మిగిలినవాళ్ళకి ఈర్ష్య పట్టుకుంది. పోటీలు పడి తోటకూర తిన్నారు.

బొద్దు వల్ల మాత్రం కాలేదు. తోటకూర ఎంత తిన్నా తిన్నట్టుండేది కాదు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే గట్టెక్కి, జిల్లేడు పొదలో దూరి, భయపడుతూనే తిని వచ్చేది. ప్రతి ముద్దకీ చచ్చిపోతాననుకునేది. అనుకుంటూ ఇంకో ముద్ద తినేది.

"నీ నోరు కంపు కొడుతోందక్కా," అంది నలుసు ఒకరోజు. "నీకు రెక్కలు రావు. నేనెగిరిపోతే నువ్వొక్కదానివే ఇక్కడ పాకుతూ ఉంటావు."

"రేపటినుంచి మానేస్తానే."

"నిన్నా అదే అన్నావు. నాకు మాత్రం ఈ పొద్దున శుద్ధి అయిందన్నారు డాక్టరమ్మ."

బొద్దు సిగ్గుతో తల దించుకుంది. మధ్యాహ్నం మళ్ళీ గట్టెక్కింది.

మిడత తాత అడిగాడు. "ఏమే, మీవాళ్ళకి రెక్కలొస్తున్నాయటగా? మరి గుల్లలేవీ?"

"ఏం గుల్లలు?"

"ఏటా చూస్తున్నా కదా. రెక్కలొచ్చేముందు ఆకు కింద తలకిందులుగా గూడు కట్టుకుని వేలాడతారు. అది పగిలి సీతాకోకచిలుక వస్తుంది. గుల్ల అక్కడే మిగులుతుంది. రెక్కలు ఆకాశంలోంచి ఊడిపడవు."

బొద్దు నమలడం ఆపేసింది. మడికి తిరిగొచ్చి ఆకు ఆకూ తిరగేసి చూసింది. ఒక్క గుల్ల లేదు. మడి చివర తుమ్మచెట్టు, దాని మీద గోరింక గూడు. చెట్టు కింద రాయి మీద రెట్టలు. అందులో ఒక నల్లటి ముక్క ఎండి అతుక్కుని ఉంది. బొద్దు దగ్గరికెళ్ళి చూసింది. పక్కకి వంగిన కొమ్ము.

బాబాయిదే.

పడుతూ లేస్తూ వెళ్ళి అందరికీ చెప్పింది. ఎవరూ వినలేదు.

"డైటు చెయ్యడం చేతకాక ఇలాంటివి పుట్టిస్తావా?" అంది ఒక పురుగు.

"జిల్లేడు తలకెక్కింది," అంది ఇంకొకటి.

"నా మీద కుళ్ళు నీకు," అంది నలుసు. అని వెళ్ళి లేత ఆకు ఎంచుకుని, తెల్లారితే వచ్చే రెక్కల కోసం ముస్తాబుగా పడుకుంది.

బొద్దు ఆ ఆకు కింద కూర్చుని చెల్లెల్ని చూసింది. గోరింక ఎవర్ని తీసుకెళ్ళింది? శుద్ధి అయినవాళ్ళని. తన దగ్గరికొస్తే ఏమంటోంది? మొహం పక్కకి తిప్పి, నీకింకా టైముందమ్మా అంటోంది. కాకీ అలాగే తిప్పేది మొహం. తొండా అంతే.

మిడత తాత వాళ్ళ తాతకి తెలిసిన సంగతి అప్పుడు బొద్దుకి తెలిసింది.

మళ్ళీ గట్టెక్కింది. ఈసారి ఆకలి లేదు. అయినా తింది. పాలు ఎక్కువ కారే ముదురాకులు ఏరుకుని, పొట్ట చారలు సాగిపోయేదాకా తింది. భయమేసినప్పుడు ఆగి, మళ్ళీ తింది. దిగొచ్చి, పైన మాత్రం తోటకూర నమిలి నోరంతా పూసుకుంది.

తెలతెలవారుతుండగా గోరింక వచ్చింది. నలుసు పడుకున్న ఆకు మీద, చెల్లెలికి అడ్డంగా, బొద్దు పడుకుని ఉంది.

"నువ్వెందుకే ఇక్కడ?"

"ముందు నన్ను చూడండి డాక్టరమ్మా. నాకూ శుద్ధి అయినట్టుంది."

"నోరు తెరువు."

తెరిచింది. కమ్మటి తోటకూర వాసన. గోరింక దాని ఒళ్ళు పైనుంచి కిందదాకా చూసింది. ముగ్గురు పిల్లలకి సరిపడా ఉంది.

"చెప్పనేలేదే?"

"సిగ్గేసిందండి."

ముక్కు వచ్చి నడుముని పట్టుకుంది. బొద్దు కాళ్ళు ఆకుని వదిలాయి. అప్పుడే నలుసు కళ్ళు తెరిచింది. మిగతావాళ్ళూ తెరిచారు. రెక్కలు ఎలా వస్తాయో అందరూ చూశారు.

గోరింక నొక్కింది. చర్మం చిట్లి ఒక్క చుక్క నాలిక మీద పడింది.

పసుపు కళ్ళజోడు వెనక కళ్ళు తేలిపోయాయి. బొద్దు జారి కింద పడింది. గోరింక రెండడుగులు తూలి, మెడ చాచి కక్కింది. నిన్న తిన్నదీ కక్కింది. అందులో చారల తోలు ముక్క చూసి పురుగులు ఒకరినొకరు పట్టుకున్నారు.

"నువ్వు... తోటకూర తినలేదూ?"

"తిన్నానండి," అంది బొద్దు కిందనుంచి. "చివర్లో."

గోరింక తలెత్తింది. ఎదురుగా, ముక్కుకి అందేంత దగ్గర్లో, నలుసు. నిన్న తనే శుద్ధి అని చెప్పిన పిల్ల. ఆ ఒంట్లో చుక్క విషం లేదు. నలుసుకి కదిలితే ఏమవుతుందో, కదలకపోతే ఏమవుతుందో తెలీలేదు. గోరింక చారల వంక చూసింది. తను చేసిన పరీక్ష మీద తనకే నమ్మకం పోయింది. కడుపు మళ్ళీ తిప్పింది. రెక్కలు తపతపా కొట్టుకుంటూ, తుమ్మచెట్టు వైపు కూడా చూడకుండా ఎగిరిపోయింది.

పురుగులు గట్టెక్కాయి. ఆకాశంలో నీడ కదిలిన ప్రతిసారీ అందరూ ఆగారు. నడుము మీద ముక్కు గాటుతో బొద్దు అందరికన్నా వెనక, దాని పక్కనే నలుసు.

"అక్కా, మనలో నిజంగా విషముందా?"

"ఉంది."

"మరి?"

"మనకి కాదే అది. తిను."

నలుసు ముఖం చిట్లించి మొదటి ముద్ద కొరికింది.

ఆ గోరింకకి నేటికీ చారలున్నది ఏది కనిపించినా, అది దారిన పోయేవాడి లుంగీ అయినా సరే, కడుపులో తిప్పుతుందట. చదివేవాళ్ళకి నా మాట ఒక్కటే: నీ కంచం చూసి నిన్ను భయపెట్టేవాడు ఎదురైతే, తిండి మార్చుకునే ముందు వాడు ఏం తింటాడో కనుక్కో.